స్ప్లెండర్ మైలేజీ 62 నుంచి 43కి పడిపోతే ముందు చూడాల్సింది కార్బురేటర్ కాదు

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బండి 2013 మోడల్ స్ప్లెండర్ ప్లస్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. తాడేపల్లిగూడెం నుంచి భీమవరం పక్కన ఉన్న స్కూలుకి రోజూ వెళ్లి రావడం 65 కిలోమీటర్లు. ఏడాది కిందటి దాకా లీటరుకి 62 ఇచ్చేది, ఇప్పుడు 43 దాటడం లేదు. పికప్ కూడా తగ్గింది. ఇద్దరు మెకానిక్‌లు కార్బురేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి అందించేది) విప్పి క్లీన్ చేసి ట్యూనింగ్ చేసినా ఫలితం లేదు. ఒకరు ఇంజన్ విప్పాలంటున్నారు, ఇంకొకరు ఇదంతా ఇథనాల్ పెట్రోలు వల్లేనంటున్నారు. ఎవరి మాట వినాలని మీరు అడిగారు.

ఇప్పుడప్పుడే ఇంజన్ మీద చెయ్యి వెయ్యనివ్వకండి. ఇథనాల్ మీదికి నెట్టేసి ఊరుకోనూ వద్దు. రెండింటికీ కారణాలు చెబుతాను.

తణుకులో 27 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గరికి వచ్చే బళ్లలో సగానికి సగం ఈ వంద సీసీ జాతివే. 1985లో హీరో హోండా సీడీ 100తో మన రోడ్ల మీదికి వచ్చి, 1994లో స్ప్లెండర్‌గా మారి, ఇప్పటికీ నడుస్తున్న ఇంజన్ ఇది. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 49.5 మిల్లీమీటర్లు; మొత్తం 97.2 సీసీ. పవరు అంతా కలిపి ఎనిమిది హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉంటుంది, అదీ ఇంజన్ 8,000 చుట్లు తిరిగినప్పుడు. ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే, ఇంత చిన్న ఇంజన్‌కి మిగులు బలం ఉండదు. పెద్ద బండిలో వెనక బ్రేకు కొంచెం పట్టుకున్నా నడిపేవాడికి తెలియదు. స్ప్లెండర్‌లో అదే పట్టు నేరుగా మీ జేబుకి తెలిసిపోతుంది.

ముందు ఆ 43 అనే లెక్క సంగతి చూద్దాం. రిజర్వులో పడ్డాక రెండు వందల రూపాయల పెట్రోలు కొట్టించి, మళ్లీ రిజర్వులో పడేదాకా నడిపితే 78 కిలోమీటర్లు వచ్చిందని రాశారు. చాలామంది ఇలాగే చూస్తారు. కానీ ఇందులో తప్పు పోయే వీలు చాలా ఎక్కువ. రిజర్వులో పడే క్షణం బండి ఏ వాలున ఉంది, మీరు ఎంత వేగంలో ఉన్నారు అన్నదాన్ని బట్టి వంద, రెండు వందల ఎం.ఎల్. అటూ ఇటూ అవుతుంది. మీరు పోయించింది లీటరు ఎనిమిది వందలే. అందులో రెండు వందలు తేడా వస్తే లెక్క పది శాతం పైనే తప్పుతుంది. 43 అనుకున్నది 48 కావచ్చు, 39 కూడా కావచ్చు.

ఇలా చెయ్యండి. ఒక బంకులో బండిని సెంటర్ స్టాండు వేసి, ట్యాంకు మెడ కింద దాకా పెట్రోలు నింపించండి. మీటరు రీడింగ్ రాసుకోండి. నాలుగైదు రోజులు మామూలుగా స్కూలుకి వెళ్లి రండి, కనీసం మూడు వందల కిలోమీటర్లు తిరగాలి. మళ్లీ అదే బంకులో, అదే పంపు దగ్గర, అలాగే సెంటర్ స్టాండు వేసి, అదే మట్టానికి నింపించండి. రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే అది అసలు మైలేజీ. ఇక్కడ ఆరేడు లీటర్ల మీద లెక్క కాబట్టి రెండు వందల ఎం.ఎల్. తేడా వచ్చినా తప్పు మూడు శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. ఏ పని చేయించినా ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇలా కొలవాలి. కొలవకుండా చేయించిన ఏ పనికీ ఫలితం ఉందో లేదో తేలదు.

ఇంకో మాట. ఈ బండి స్పీడోమీటరు కేబులు ముందు చక్రం నుంచి వస్తుంది. ఈ ఏడాదిలో ముందు టైరు మార్చారా? మీ బండికి 2.75-18 ఉండాలి. లావుగా బాగుంటుందని 3.00-18 వేయించి ఉంటే చక్రం చుట్టుకొలత పెరిగి, మీటరు తిరిగిన దూరాన్ని రెండు శాతం దాకా తక్కువ చూపిస్తుంది. బండిలో ఏ లోపం లేకుండానే కాగితం మీద ఒక కిలోమీటరు పోతుంది. కేబులు గాని, చక్రం దగ్గర ఉండే చిన్న గేరు గాని అరిగి మీటరు మధ్యమధ్యలో ఆగుతుంటే చెప్పనే అక్కర్లేదు. ఇంటి నుంచి స్కూలుకి ఫోను మ్యాప్‌లో ఎంత చూపిస్తోంది, మీటరులో ఎంత వస్తోంది, ఒక రోజు పోల్చి చూడండి.

ఇప్పుడు ఇథనాల్. ఈ మాట నా దగ్గరికి వచ్చే ప్రతి మూడో మనిషి అడుగుతున్నాడు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తి కంటే దాదాపు మూడో వంతు తక్కువ. అంటే వంద పాళ్లలో ఇరవై పాళ్లు ఇథనాల్ కలిస్తే, అసలు ఏమీ కలపని పెట్రోలుతో పోల్చినప్పుడు శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలో పాత టూ వీలర్లకు మూడు నాలుగు శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా వేశారు. మీ 62 మీద మూడు శాతం అంటే రెండు కిలోమీటర్లు, ఏడు శాతమే అనుకున్నా నాలుగున్నర. పైగా 2022 జూన్ నాటికే దేశంలో పది శాతం కలపడం వచ్చేసింది, ఏడాది కిందటి మీ 62 కూడా కలిపిన పెట్రోలు మీద వచ్చిందే. మీకు పోయింది 19 కిలోమీటర్లు. ఇథనాల్ ఖాతాలో మహా అయితే నాలుగు రాయొచ్చు, మిగతా పదిహేను బండిలోనే ఎక్కడో పోతున్నాయి.

అలాగని ఇథనాల్‌తో ఇబ్బంది లేదని అనను. మీది కార్బురేటర్ బండి, 2023 తర్వాత వచ్చిన బళ్లలా ఇరవై శాతానికి తగ్గట్టు రబ్బర్లు, సీళ్లు పెట్టి తయారు చేసింది కాదు. పెట్రోలు పైపు గట్టిపడి పగుళ్లిచ్చిందేమో చూసుకోండి, అది తక్కువ ఖరీదు సామానే, మార్చేయండి. రెండోది, ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. మన డెల్టాలో గాలే తడి. వేసవి సెలవుల్లో నెలన్నర బండి కదలకుండా ఉంటే ట్యాంకు నిండా పెట్రోలు ఉంచండి, సగం ఖాళీ ట్యాంకులో గాలి ఎక్కువ, దాంతో పాటు తేమా ఎక్కువ. ట్యాంకు కింద ఉండే పెట్రోలు కాకు మూసి, కార్బురేటర్ కప్పులో ఉన్న పెట్రోలు కింద స్క్రూ వదులు చేసి దింపేయండి. నీళ్లు చేరిన ట్యాంకుతో జూన్‌లో స్కూలు తెరిచిన వారమే వచ్చే బళ్లు నాకు ఏటా ఉంటాయి.

ఇక అసలు విషయం. మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడింది ఒక్క ముక్క: మైలేజీతో పాటు పికప్ కూడా తగ్గింది. ఈ రెండూ కలిసి పోయాయా, ఒకటే పోయిందా అన్నది నేను ప్రతి బండికీ మొదట అడిగే ప్రశ్న. మైలేజీ మాత్రమే తగ్గి, బండి లాగడం ఎప్పట్లాగే ఉంటే పెట్రోలు ఎక్కువ వెళుతోంది, లేదా కారుతోంది. కార్బురేటర్ కప్పు నిండగానే పెట్రోలుని ఆపే ఫ్లోట్ సూది పట్టడం లేదేమో, చోక్ సగం వేసే ఉండిపోయిందేమో చూస్తాను. పికప్ మాత్రమే తగ్గి మైలేజీ ఉంటే పెట్రోలు తక్కువ అందుతోంది. రెండూ కలిసి తగ్గితే మాత్రం, ఇంజన్ చేసిన పని చక్రం దాకా రావడం లేదు, లేదా ఇంజన్ సరిగ్గా ఊపిరి తీసుకోవడం లేదు, లేదా కంప్రెషన్, అంటే సిలిండరులో పిస్టన్ నొక్కిన ఒత్తిడి, నిలవడం లేదు. ఈ మూడింటిలో ఏదీ కార్బురేటర్ స్క్రూ తిప్పితే బాగుపడేది కాదు. ఇద్దరు చేసినా ఫలితం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కాబట్టి చక్రం దగ్గర మొదలుపెట్టి ఇంజన్ వైపు వెళ్దాం. ఖర్చు లేని పనులన్నీ చక్రం వైపే ఉన్నాయి.

కిందటి వర్షాకాలంలో రొయ్యల మేత బస్తాలు వేసే కుర్రాడొకడు స్ప్లెండర్ తీసుకొచ్చాడు. అచ్చం మీ సమస్యే, అతనూ రెండు చోట్ల కార్బురేటర్ చేయించాడు. బండిని సెంటర్ స్టాండు మీద వేసి, న్యూట్రల్ చేసి, వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా ఒక తిప్పు తిప్పాను. అర చుట్టు తిరిగి ఆగిపోయింది. ఇంకా ముట్టుకుంటే డ్రమ్ము వేడిగా ఉంది, అతను అక్కడికి బ్రేకు వెయ్యకుండా వచ్చానంటున్నాడు. చక్రం విప్పాను. బ్రేకు షూలు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి, డ్రమ్ము అంచున నీలం రంగు చార పడింది. బ్రేకు రాడ్డు ఊడదీసి, షూలను తెరిచే క్యామ్ లివరు చేత్తో తిప్పబోతే కదల్లేదు. చెరువు గట్ల మీద తిరిగి తిరిగి ఉప్పు బురద లోపలికి పోయి, క్యామ్ ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుంది. పెడల్ తొక్కితే షూలు తెరుచుకుంటున్నాయి గాని, వదిలితే వెనక్కి రావడం లేదు. క్యామ్ బయటికి కొట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, కిరసనాయిల్‌తో కడిగి, పలచగా గ్రీజు పెట్టి బిగించాను. షూలు కొత్తవి వేశాను. బండి చేతికిస్తే, సెంటర్ దాకా వెళ్లి వచ్చి, బండి తనంతట తాను పోతున్నట్టుందండీ అన్నాడు. కార్బురేటర్ మీద నేను చెయ్యే వెయ్యలేదు.

మీ బండికి ఇది మీరే చూసుకోవచ్చు. సెంటర్ స్టాండు వేసి వెనక చక్రం తిప్పండి. చైను బరువు ఉంటుంది కాబట్టి అదే పనిగా తిరగదు, కానీ ఆగేటప్పుడు మెల్లగా ఆగాలి, ఎవరో పట్టుకున్నట్టు టక్కున ఆగకూడదు. ముందు చక్రాన్ని, ఎవరినైనా వెనక బరువు వెయ్యమని, లేపి తిప్పండి. వెనక బ్రేకు పెడల్ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఖాళీగా కిందికి దిగాకే బ్రేకు పట్టడం మొదలవ్వాలి, ముందు బ్రేకు లివరు కొసన 10 నుంచి 20. వానలో బ్రేకు సరిగ్గా పడటం లేదని నట్టు బిగించేసుకుని, ఎండలు వచ్చాక మర్చిపోయేవాళ్లు చాలామంది. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉందేమో కూడా గమనించుకోండి.

టైర్ల గాలి విషయంలో మన వైపు ఒక దురలవాటు ఉంది. రోడ్డు బాగోలేదు, బండి ఎగురుతోంది అని గాలి తగ్గించి నడుపుతారు. మీ బండికి ముందు 25, వెనక ఒక్కరే అయితే 28, ఇద్దరైతే 40 ఉండాలి. పంక్చర్ షాపులో చేత్తో నొక్కి చూసి చాల్లే అంటే ఒప్పుకోకండి, గేజీ పెట్టించండి. ట్యూబు టైరు బళ్లలో రెండు వారాలకే గాలి దిగుతుంది. మెత్తబడ్డ టైరు రోడ్డుకి అతుక్కుపోయి నడుస్తుంది, ఇంజన్ బలంలో కొంత ఆ టైరుని నలపడానికే పోతుంది.

చైను. చైను కవరుకి రబ్బరు మూత ఉంటుంది, తీసి లోపల చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించండి. 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. ఒక చోట వదులుగా, ఒక చోట బిగుతుగా ఉంటే చైను, స్ప్రాకెట్లు అయిపోయినట్టే, సెట్టు మొత్తం మార్చాలి. చైను ఒక్కటే మారిస్తే పాత పళ్లు కొత్త చైనుని ఆరు నెలల్లో తినేస్తాయి. మార్చేటప్పుడు మైలేజీ కోసం ముందు స్ప్రాకెట్ ఒక పన్ను ఎక్కువది వెయ్యమంటారా అని అడిగేవాళ్లు ఉన్నారు. స్ప్లెండర్‌కి ముందు 14, వెనక 44 పళ్లు. 15 వేస్తే నాలుగో గేరులో ఇంజన్ చుట్లు తగ్గే మాట నిజమే. మీ రోడ్డు బల్లపరుపు, ఒంటరిగా వెళ్తారు కాబట్టి కొంత లాభం కనబడొచ్చు కూడా. కానీ ఎదురుగాలిలో, భార్యాబిడ్డలతో వెళ్లేటప్పుడు మాటిమాటికీ మూడో గేరుకి దిగాల్సి వస్తుంది, క్లచ్ ప్లేట్ల మీద భారం పడుతుంది. నేనైతే వెయ్యను.

క్లచ్ జారుతోందేమో చూడటానికి తేలిక మార్గం ఉంది. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40లో వెళుతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ బాగా తిప్పండి. ఇంజన్ మోత ముందు పెరిగి, బండి తర్వాత తీరిగ్గా అందుకుంటే ప్లేట్లు జారుతున్నాయి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. అప్పుడు కూడా వెంటనే ప్లేట్లు మార్చకండి, ముందుగా క్లచ్ లివరు కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉందో లేదో చూడండి. కేబులు మరీ బిగిస్తే కొత్త ప్లేట్లు కూడా జారతాయి. ఆయిలు ఏది పోశారో కూడా అడగండి. ఈ బళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిలులోనే మునిగి ఉంటాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న టూ వీలర్ ఆయిలు, 10డబ్ల్యూ30 గ్రేడు, అదే పోయాలి. ఇంట్లో కారుకి కొన్న ఆయిలు మిగిలింది కదా అని పోస్తే, అందులో రాపిడి తగ్గించే మందు కలిసి ఉంటే ప్లేట్లు జారిపోతాయి. లెవెలు కూడా పుల్లతో చూసుకోండి, పై గీత దాటి పోస్తే ఇంజన్ ఆ ఆయిలుని చిలకడానికే బలం ఖర్చు పెడుతుంది.

ఇంజన్ ఊపిరి దగ్గరికి వద్దాం. మీరు రోజూ వెళ్లే దారిలో రైస్ మిల్లులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఊక పొడి, మిల్లు పొయ్యిలోంచి వచ్చే బూడిద, కోతల సమయంలో వరి దుమ్ము, ఇవన్నీ ఎయిర్ ఫిల్టరులోకి పోతాయి. మీ మోడల్‌లో వచ్చేది ఆయిలు పూసిన కాగితం ఫిల్టరు. దాన్ని గాలి కొట్టి దులపకూడదు, పెట్రోలుతో కడగకూడదు. గాలి కొడితే పైన దుమ్ము పోయినట్టే ఉంటుంది గాని, కాగితం రంధ్రాలు పెద్దవై, దుమ్ము నేరుగా ఇంజన్‌లోకి పోయి బోరుని గీకుతుంది. దీనికి మార్చడం ఒక్కటే దారి, పదిహేను వేల కిలోమీటర్లకు ఒకసారి. మీ దారిలో అయితే పది, పన్నెండు వేలకే మార్చమంటాను. పాత బళ్లలో వచ్చే స్పాంజి ఫిల్టరు వేరు, దాన్ని కిరసనాయిల్‌లో కడిగి, ఆరబెట్టి, ఆయిలులో ముంచి పిండి వేసుకోవచ్చు. ఫిల్టరు మూసుకుపోతే కార్బురేటర్ బండిలో పెట్రోలు పాలు ఎక్కువై, గాలి పాలు తక్కువవుతుంది. మైలేజీ, పికప్ రెండూ కలిసి పడిపోతాయి. ఫిల్టరు ఎప్పుడు మార్చారో మీ ప్రశ్నలో లేదు, అందుకే నాకు దీని మీద గట్టి అనుమానం.

తర్వాత ట్యాపెట్లు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మంచి ఇంజన్లు పాడవడం నేను ఎక్కువగా చూసింది ఈ విషయంలోనే. ట్యాపెట్టంటే ఇంజన్ వాల్వుని నొక్కి తెరిచే స్క్రూ. దానికీ వాల్వు కొసకీ మధ్య సన్నని సందు ఉండాలి, మిల్లీమీటరులో పదో వంతు కంటే తక్కువ. ఆ సందు ఉన్నంతవరకూ ఇంజన్‌లో టిక్కుటిక్కుమని సన్నని చప్పుడు వస్తుంది. అది ఆరోగ్యమైన చప్పుడు. చాలామంది ఆ చప్పుడు వినబడగానే కంగారుపడి షెడ్డుకి వచ్చి, ఇంజన్ కొత్తదానిలా నిశ్శబ్దంగా ఉండాలి అంటారు. తొందరలో ఉన్న మెకానిక్ సందు లేకుండా బిగించేస్తాడు. చప్పుడు పోతుంది, బండివారు సంతోషంగా వెళ్తారు. ఇంజన్ వేడెక్కేసరికి వాల్వు కాడ సాగుతుంది, సాగడానికి చోటు లేక వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి కంప్రెషన్ పోతుంది. మండే వాయువులు వాల్వు అంచుని కోస్తూ బయటికి వెళ్తాయి. కొన్ని నెలల్లో వాల్వు కాలిపోయి, అప్పుడు నిజంగానే హెడ్డు విప్పాల్సి వస్తుంది.

మీ బండి ఈ ఏడాదిలో ఎప్పుడైనా, ఇంజన్ చప్పుడు తగ్గించాం అన్న మాట విన్నాక ఇలా అయిందా, గుర్తు తెచ్చుకోండి. పరీక్ష ఏమిటంటే, రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే కీ వెయ్యకుండా కిక్ రాడ్డుని చేత్తో మెల్లగా నొక్కండి. ఒక చోట గట్టిగా అడ్డు తగలాలి, కాసేపు బరువు వేసి పట్టుకున్నా దిగకూడదు. ఇప్పుడు బండిని అరగంట నడిపి వేడి మీద మళ్లీ అలాగే చూడండి. చల్లగా ఉన్నప్పుడు అడ్డు తగిలి, వేడి మీద మెత్తగా దిగిపోతుంటే ట్యాపెట్లు బిగుతుగా ఉన్నాయని నా మొదటి అనుమానం. సెట్టింగ్ మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాకే చెయ్యాలి. మ్యాగ్నెట్ మీద ఇంగ్లీషు టీ (T) అక్షరం గుర్తు కలిపి, సందు కొలిచే ఫీలర్ గేజీ పెట్టి చేసేవాళ్ల దగ్గర చేయించండి. బండి ఇలా ఆపి అలా వేడి మీదే చెవితో విని బిగించేస్తామంటే వద్దనండి. ఒక గంట బండి వదిలి వెళ్లండి, అంతే.

స్పార్క్ ప్లగ్గు మీకు చాలా సంగతులు చెబుతుంది. స్కూలు నుంచి ఇంటికి రాగానే, ఐడిల్‌లో వదలకుండా ఇంజన్ ఆపేసి, చల్లారాక ప్లగ్గు విప్పి కొస చూడండి. కాఫీపొడి రంగులో ఉంటే మంట సరిగ్గా ఉంది. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిలు పైకి వస్తోంది. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు చాలడం లేదు. ఫోటో తీసి ఉంచుకోండి.

ఇవన్నీ అయ్యాకే కార్బురేటర్. అదీ ప్లగ్గు పొడి మసిగా ఉంటేనే. కిందటి సంక్రాంతికి ముందు వచ్చిన ఒక బండిలో కార్బురేటర్ మెయిన్ జెట్టు (పెట్రోలు కొలతగా వెళ్లే సన్నని రంధ్రం ఉన్న ముక్క) తీసి ట్యూబులైటు వైపు పెట్టి చూశాను. రంధ్రం గుండ్రంగా లేదు, ఒక పక్కకి లాగినట్టుంది, లోపల సన్నటి గీతలు మెరుస్తున్నాయి. ఎవరో క్లచ్ కేబులు తీగ ముక్క దూర్చి క్లీన్ చేశారు. జెట్టు ఇత్తడిది, తీగ ఉక్కుది. వెంట్రుకవాసి రంధ్రం పెద్దదైనా ఇక ఆ జెట్టు ఉన్నంతకాలం బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బయట స్క్రూ ఎంత తిప్పినా సర్దుకోదు. జెట్టుని గాలితో గాని, క్లీనర్ స్ప్రేతో గాని శుభ్రం చెయ్యాలి తప్ప ఏదీ దూర్చకూడదు. మీ బండికి ఇద్దరు విప్పారు కాబట్టి, జెట్టు నంబరు మీ మోడల్‌దేనా, గీతలు ఉన్నాయా అని చూపించమనండి. అనుమానం వస్తే కంపెనీ జెట్టు కొత్తది వేయించండి.

బయట కనిపించే స్క్రూ గురించి కూడా తెలుసుకోండి. అది కార్బురేటర్‌కి ఫిల్టరు వైపు ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే పెరుగుతుంది. ఏదైనా సరే, ఆ స్క్రూ పని ఐడిల్‌లోనూ, యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడు మాత్రమే. మీరు 50లో వెళుతున్నప్పుడు పెట్రోలుని నడిపించేది యాక్సిలరేటర్‌తో పాటు కదిలే జెట్ సూది, మెయిన్ జెట్టు. ట్యూనింగ్ అని ఆ స్క్రూ ఒక్కటే తిప్పి ఇచ్చిన బండి సిగ్నల్ దగ్గర బాగుంటుంది, రోడ్డు మీద మార్పు ఉండదు. పొద్దున్నే బండి పెట్టిన చోట నేల మీద పెట్రోలు మరక, వాసన ఉంటే ఫ్లోట్ సూది పోయింది, అది మార్చాలి. చోక్ పూర్తిగా తీసేసిన స్థానానికి లివరు వస్తోందో లేదో కూడా చేత్తో పట్టుకుని చూడండి.

ఇంజన్ విప్పాలన్న మాట ఎప్పుడు నిజమవుతుంది? యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా వెనక నీలి పొగ వస్తూ, వెయ్యి కిలోమీటర్లకి ఆయిలు లెవెలు గీత కిందికి దిగిపోతుంటే, ట్యాపెట్లు సరిగ్గా ఉన్నా కిక్ మెత్తగా ఉంటే, అప్పుడు పిస్టన్ రింగులో, సిలిండరు బోరో పోయిందని అర్థం. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పున పొగ వచ్చి ఆగిపోతే వాల్వు ఆయిల్ సీళ్లు మాత్రమే. బోరుతో పోలిస్తే అది చిన్న పని, దానికి బోరు చేయించకండి. 78 వేలకి ఈ ఇంజన్ బోరు పోవాలన్న రూలేమీ లేదు. ఆయిలు వేళకి మార్చిన బళ్లు లక్ష దాటినా మొదటి బోరుతోనే నా దగ్గరికి వస్తున్నాయి. విప్పక తప్పదనుకున్నా, ముందు కంప్రెషన్ గేజీ పెట్టి చూపించమనండి.

నడిపే తీరు మీద ఒక్క మాటే చెబుతాను. 40లో వెళ్లేటప్పుడు ఎదురయ్యే గాలి ఒత్తిడి, 60లో రెండింతల పైనే అవుతుంది. మీది చెట్లు లేని చేల మధ్య రోడ్డు, గాలికి అడ్డు ఉండదు. 60కి బదులు 45, 50 మధ్య నిలకడగా వెళ్తే 32 కిలోమీటర్లకి మీకు ఆలస్యం అయ్యేది ఆరు నుంచి పదకొండు నిమిషాలు. పెట్రోలులో కలిపే మందులు, పైపుకి బిగించే అయస్కాంతాలు, కలరా ఉండలు, ఖరీదైన పవర్ పెట్రోలు, వీటి మీద రూపాయి కూడా పెట్టకండి.

62 నుంచి 43కి పడటమంటే నెలకు 26 రోజుల లెక్కన మీకు 12 లీటర్ల పెట్రోలు అదనంగా పోతోంది, లీటరు నూట పది అనుకుంటే 1,300 రూపాయల పైన. నేను చెప్పిన పనుల్లో బ్రేకు, గాలి, చైను, క్లచ్ ఖాళీ చూసుకోవడానికి ఒక ఆదివారం చాలు. ఎయిర్ ఫిల్టరు, ట్యాపెట్ సెట్టింగ్, ప్లగ్గు కలిపి చేయించినా ఒక నెలలో పోతున్న ఆ డబ్బు కూడా అవ్వదు.

పని మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేసి రాసుకోండి. తెల్లవారుజామున, గాలి లేనప్పుడు, వాహనాలు లేని తిన్నని రోడ్డు మీద ఒక కరెంటు స్తంభం దగ్గర సరిగ్గా 40 వేగంలో న్యూట్రల్ చేసి, బండి తనంతట తాను ఆగేదాకా ఎన్ని స్తంభాలు దాటిందో లెక్కపెట్టండి. బ్రేకులు, టైర్లు, చైను సరిచేశాక అదే చోట, అదే వైపు మళ్లీ చెయ్యండి. స్తంభాలు పెరిగితే మీ పెట్రోలు చక్రాల దగ్గరే పోతోందన్నమాట. పెరక్కపోతే ఫిల్టరు, ట్యాపెట్ల వైపు వెళ్దాం. ఆ రెండు లెక్కలు, వేడి మీద కిక్ ఎలా ఉందో, ప్లగ్గు ఫోటో, ఈ మూడూ ఇక్కడే పెట్టండి మాస్టారూ. వాటిని చూశాక మీ బండికి ఏ పని కావాలో, ఏది వద్దో చెబుతాను. అప్పటిదాకా ఇంజన్ బోల్టు ఒక్కటి కూడా విప్పనివ్వకండి.